‘ఆ రాత్రి నుండి ముట్టలేదు’: మద్యవిముక్తి సాక్ష్యముల రూపముపై ఒక విమర్శ

మన తెలుగు సంఘములలో ప్రసంగము తరువాత ఎక్కువగా వినబడేది సాక్ష్యము. సాక్ష్యములలో ఎక్కువగా వినబడేది త్రాగుడు నుండి విడుదల పొందినవారి సాక్ష్యము. కీర్తనలను, ప్రసంగ పద్ధతులను, బైబిలు అనువాదములను మనము శ్రద్ధగా విమర్శిస్తాము గాని సాక్ష్యమును ఒక రూపముగా తీసుకొని, అది ఏమి చెబుతుంది, ఏమి దాచుతుంది, విన్నవారిని ఏమి చేస్తుంది అని అడుగుట అరుదు. ఆత్మ కార్యమును విమర్శించుట ఎట్లా అనే భయము దీనికి కారణము కావచ్చును. అయితే ఆత్మ కార్యము వేరు, దానిని మనము చెప్పే తీరు వేరు. ఈ వ్యాసములో మేము పరిశీలించేది రెండవదానిని మాత్రమే. మేము పరిచర్య చేస్తున్న నాగోల్, చుట్టునున్న ఉప్పల్, నాచారం, రామంతాపూర్ ప్రాంతముల కూడికలలో విన్న సాక్ష్యములు, చేతికందిన కరపత్రములు, ఇప్పుడు ఫోనులలో తిరుగుతున్న వీడియోలు మాకు ఆధారము. వ్యక్తులను విమర్శించుట మా ఉద్దేశము కాదు గనుక ఎవరి పేరును చెప్పము.

ఈ సాక్ష్యమునకు ఒక అచ్చు ఏర్పడి ఉన్నది. మొదట చీకటి జీవితము: ఎంత త్రాగేవాడు, ఎక్కడ పడిపోయేవాడు, భార్య పుస్తెలు ఏ దుకాణములో తాకట్టు పెట్టాడు. తరువాత ఒక రాత్రి: ఒక స్వస్థత కూటము, లేక ఇంట ఒక కన్నీటి ప్రార్థన, లేక రైలు పట్టాల మీద ఒక స్వరము. చివర ఒకే వాక్యము: ఆ రాత్రి నుండి ముట్టలేదు, స్తోత్రము. ఇరువది నిమిషముల సాక్ష్యములో పదునైదు నిమిషములు మొదటి భాగమునకే పోతాయి. అది చెప్పేటప్పుడు చెప్పేవారికి ఊపు వస్తుంది, వినేవారికి నవ్వు కూడా వస్తుంది. (ఒకే సహోదరుని సాక్ష్యమును మూడు చోట్ల విన్నప్పుడు సీసాల సంఖ్య పెరుగుతూ వచ్చుట కూడ మేము గమనించాము. దానిని అబద్ధము అనుటకంటె అచ్చు చేసే ఒత్తిడి అనుట న్యాయము.) రెండవ భాగమునకు నాలుగు నిమిషములు. ఆ తరువాత గడచిన పది సంవత్సరములకు ఒక్క నిమిషము. త్రాగుడు మానిన మనిషి సాయంకాలము ఆరు గంటలకు ఏమి చేస్తాడు, జీతము చేతికి వచ్చిన రోజున ఏ దారిని ఇంటికి వెళ్తాడు, బావమరిది పెండ్లిలో గ్లాసు చేతిలో పెట్టినప్పుడు ఏమంటాడు అనేవి వినవలసిన సంగతులు. ఇవన్నీ ఆ ఒక్క నిమిషములో మునిగిపోతాయి.

దీని వలన నష్టమేమి అని అడుగవచ్చును. నాచారం పారిశ్రామికవాడలో లేతు మిషను మీద పనిచేసే ఒక సహోదరుడు, మాకు తెలిసినవాడు, విడుదల పొందిన మొదటి నెలలోనే మూడు కూటములలో సాక్ష్యము చెప్పాడు. ఒకచోట వీడియో తీసి పెట్టారు. నాలుగవ నెలలో చెల్లెలి గృహప్రవేశమున త్రాగాడు. ఆ ఆదివారము మందిరమునకు రాలేదు, తరువాతి ఆదివారమూ రాలేదు. ఇంటికి వెళ్తే ఊరెళ్ళాడని భార్య చెప్పింది. నెల గడచిన తరువాత ఉప్పల్ చౌరస్తాలో బస్సు దగ్గర ఎదురయ్యాడు. ఎందుకు రావడం లేదని అడిగితే, “అయ్యగారూ, ఆ వీడియో ఇంకా ఉన్నది గద. నేనెట్లొస్త?” అన్నాడు. ఆయనకు దేవుని భయము కాదు, మా భయమూ కాదు, తన సాక్ష్యమంటేనే భయము. తాను చెప్పిన కథలో ఈ నాలుగవ నెలకు చోటు లేదు. చోటు లేని కథలో ఉండలేక ఆయన సంఘమునే విడిచిపెట్టాడు. ఇటువంటివారు మా ప్రాంతములో ఆయన ఒక్కరే కారు.

ఇది కొద్దిమంది సంగతి కూడ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణలో 15 ఏండ్లు దాటిన పురుషులలో నూటికి 43 మంది మద్యము సేవిస్తారు. త్రాగేవారందరు బానిసలు కారు. 2019లో కేంద్ర సామాజిక న్యాయ శాఖ కొరకు ఎయిమ్స్ వారు ప్రకటించిన సర్వే దేశములో సుమారు 16 కోట్ల మంది త్రాగుతారని, వారిలో సుమారు 5.7 కోట్ల మందికి త్రాగుడు సమస్యకై సహాయము కావలసి ఉన్నదని లెక్కించినది. మన ఆదివారపు బల్లల మీద కూర్చున్నవారు ఈ లెక్కకు వెలుపల లేరు.

ఈ అచ్చు ఎక్కడి నుండి వచ్చినది?

రక్షణ సాక్ష్యము అపొస్తలుల కార్యములంత పాతది. కాని ‘మారిన త్రాగుబోతు’ సాక్ష్యము ఒక ప్రత్యేక ప్రక్రియగా ప్రసిద్ధికెక్కినది 19వ శతాబ్దపు న్యూయార్కు నగర మిషనులలో. 1872లో వాటర్ స్ట్రీటులో జెర్రీ మెకాలీ అనే మాజీ ఖైదీ ఒక మిషను తెరిచాడు. త్రాగుబోతులు, దొంగలు రాత్రి రాత్రికి వచ్చి నిలబడి తమ కథ చెప్పుకొనే పద్ధతి అక్కడ వేళ్ళూనినది. ఆయన సింగ్ సింగ్ చెరసాలలో మారుమనస్సు పొందినవాడు. కాని విడుదలైన తరువాత మరల త్రాగాడు, మరల దొంగతనమునకు వెళ్ళాడు, లేచాడు, ఒకటికి రెండుసార్లు పడ్డాడు. మిషను స్థాపించిన మనిషి కథలోనే పడిపోవుట ఉన్నది.

పదేండ్ల తరువాత, 1882లో, మెకాలీ కూటములలోనే శామ్యూల్ హ్యాడ్లీ అనే వ్యక్తి మారాడు. ఆయన కథ ఒక రాత్రి కథ. విలియం జేమ్స్ 1902లో వెలువరించిన ‘ది వెరైటీస్ ఆఫ్ రెలిజియస్ ఎక్స్‌పీరియన్స్’ అను గ్రంథములో ఉదాహరణగా ఎక్కినది హ్యాడ్లీ కథ. 1934 డిసెంబరులో న్యూయార్కులోని ఒక ఆసుపత్రిలో పడియున్న బిల్ విల్సన్ అనే షేర్ల వ్యాపారి తనకు కలిగిన వెలుగు అనుభవమునకు అర్థము వెదుకుతూ చదివినది ఆ గ్రంథమునే. ఆల్కహాలిక్స్ అనానిమస్ ఉద్యమము ఆ మనిషి నుండియే పుట్టినది.

ఇక్కడ ఒక సంగతి మనము గుర్తించవలెను. విల్సన్ తన ఆసుపత్రి అనుభవముతో ఆగలేదు. ఐదు నెలల తరువాత, 1935 మే నెలలో, ఏక్రన్ పట్టణములో వ్యాపారము చెడి హోటలు వసారాలో నిలబడినప్పుడు పక్కనున్న బారు ఆయనను పిలిచినది. ఆయన హోటలులోనున్న చర్చిల పట్టిక చూచి పాదిరులకు ఫోను చేశాడు. తాను ప్రార్థించమని కాదు, తనవంటి ఇంకొక త్రాగుబోతుతో మాట్లాడించమని. అలా దొరికినవాడు డాక్టర్ బాబ్ స్మిత్. వారిద్దరు కలిసినది మే 12న. ఆ తరువాత కూడ స్మిత్ ఒక వైద్య సభకు వెళ్ళి త్రాగి వచ్చాడు. ఆయన చివరిసారిగా త్రాగిన జూన్ 10వ తేదీనే ఆ ఉద్యమము తన పుట్టిన దినముగా ఎంచుకొంటుంది. విల్సన్ వెలుగు చూచిన రాత్రిని వారు ఎంచుకొనలేదు, ఇద్దరు మొదట కలిసిన దినమును ఎంచుకొనలేదు. పడిన తరువాత లేచిన దినమును ఎంచుకొన్నారు. మెకాలీని విడిచి హ్యాడ్లీని మాత్రమే మనము అందుకొన్నామని మా అభిప్రాయము.

మన నగరములోనే ఇంకొక ఉదాహరణ ఉన్నది. 1950లో హైదరాబాదులో హెబ్రోను స్థాపించి, 2000లో ఇక్కడనే ప్రభువునందు నిద్రించిన భక్తసింగ్ గారి సాక్ష్యము ఎన్నో తెలుగు సాక్ష్యములకు మాదిరి. ఆయనది మద్యవిముక్తి కథ కాదు గాని తేదీ గల మారుమనస్సు కథ. 1929లో కెనడాలో క్రొత్త నిబంధన చదివి మారాడని అందరికి తెలుసు. ఆయన బాప్తిస్మము పొందినది 1932లో. నడుమ రెండేండ్లకు పైగా కాలమున్నది. 1929 మనకు కంఠస్థము, 1932 ఎందరికి జ్ఞాపకమున్నది?

అగస్టీను చెప్పిన తీరు

క్రైస్తవ సాక్ష్య సాహిత్యమునకు తలమానికము అగస్టీను ‘కన్ఫెషన్స్’. మనవారు దానిని తలచినప్పుడెల్ల ఎనిమిదవ పుస్తకములోని తోట, పిల్లవాని స్వరము, తెరచిన పత్రిక గుర్తుచేస్తారు. అదే పుస్తకములో తోటకు ముందు ఉన్న ఒక విశ్లేషణ మా అంశమునకు ఇంకా దగ్గర. వంకర తిరిగిన చిత్తము కోరికగా మారుతుంది, కోరికకు లొంగగా లొంగగా అలవాటవుతుంది, అలవాటును ఎదిరింపనందున అది తప్పనిసరి అవుతుంది అని ఆయన ఒక గొలుసును లింకు లింకుగా చూపుతాడు. వ్యసనము పాపమా, రోగమా అని మనము సదస్సులలో వాదించుకొంటాము. అది చిత్తములో మొదలై చిత్తమునే కట్టివేసే సంగతి అని ఆయన పదహారు వందల సంవత్సరముల క్రితమే వివరించాడు. మొదటి లింకు దగ్గర నిలబడి చూచేవారికి అది పాపమే. చివరి లింకు దగ్గర ఉన్నవానికి అది రోగము వలెనే ఉంటుంది. ఇద్దరు చూచేది ఒకే గొలుసును.

ఆరవ పుస్తకములోని అలీపియస్ కథ ఇంకా విలువైనది. అగస్టీను స్నేహితుడైన ఈ యువకునికి కార్తేజిలో పందెముల పిచ్చి ఉండేది. అగస్టీను పాఠములో విన్న ఒక మాట తగిలి మానాడు. మన లెక్కలో ఇక్కడ సాక్ష్యము పూర్తి. అగస్టీను అక్కడ ఆపడు. తరువాత రోములో స్నేహితులు అలీపియస్‌ను ఖడ్గవీరుల పోటీకి చేయి పట్టి లాగుకొని పోయారు. శరీరమును తీసుకొని పోగలరు గాని నా మనసును కాదు అని ఆయన కన్నులు మూసుకొని కూర్చున్నాడు. జనము ఒక్కసారిగా అరచినది. కన్నులు తెరిచాడు. ఇక ఆ దినమున లాగినవారికంటె ఎక్కువగా అరచినవాడు ఆయనే, తరువాత ఇతరులను లాగుకొని వెళ్ళినవాడూ ఆయనే. వైను షాపు పక్క పర్మిట్ రూములో ‘నేను కూల్‌డ్రింకు మాత్రమే’ అని కూర్చున్నవాని కథ ఇది కాదా? తరువాత బిషప్పు కానున్న మనిషిని గురించి ఈ సంగతి రాసినందుకు ఇద్దరిలో ఎవరి పరువు పోలేదు.

తల్లి మోనికాను గురించి కూడ ఆయన దాచలేదు. తొమ్మిదవ పుస్తకములో ఆమె చిన్నతనమున పీపాలోనుండి ద్రాక్షారసము తెచ్చునప్పుడు చుక్క చుక్కగా మొదలుపెట్టి గిన్నెలకు గిన్నెలు త్రాగే అలవాటు చేసుకొన్నదని రాశాడు. మాన్పించినది ప్రసంగము కాదు, స్వరమూ కాదు. పోట్లాటలో ఒక దాసి విసిరిన ఎత్తిపొడుపు మాట. దేవుడు ఒకరి కోపమును సహితము మరియొకరికి మందుగా వాడుకొన్నాడని అగస్టీను దానిని చదువుతాడు. మన సాక్ష్య వేదికల మీద ఇటువంటి చిన్న, మెరుపు లేని విడుదలకు చోటే లేదు.

వాక్యము ఏమంటున్నది

మన సాక్ష్యములకు ప్రియమైన వచనము 1 కొరింథీ 6:11. త్రాగుబోతులు మొదలైనవారి పట్టిక ఇచ్చి, మీలో కొందరు అట్టివారై ఉండిరి అని పౌలు భూతకాలములో చెబుతాడు. ఈ భూతకాలమును మేము తగ్గించము. కాని అదే పత్రికలో ఐదు అధ్యాయముల తరువాత, 11:21లో, అదే సంఘములో, ప్రభువు బల్ల దగ్గరనే ఒకడు మత్తుడై ఉన్నాడని పౌలు గద్దించవలసి వచ్చినది. ఆరవ అధ్యాయములోనివాడే పదకొండవ అధ్యాయములో ఉన్నాడని మేము నిరూపింపలేము. కాని కడుగబడినవారని పిలువబడిన సంఘములోనే మత్తు ఉన్నదనుట స్పష్టము. పౌలు వారి కడుగబడుటను వెనుకకు తీసుకోలేదు, మత్తును చూచీ చూడనట్లు వదలనూ లేదు. రెండింటిని ఒకే పత్రికలో పట్టుకొన్నాడు. మన అచ్చుకు ఆరవ అధ్యాయము మాత్రమే తెలుసు.

సామెతలు 23వ అధ్యాయపు చివరి వచనములు త్రాగుడును గురించి ప్రపంచ సాహిత్యములోనే నిశితమైన వర్ణన అని మా నమ్మకము. ఎర్రబారిన కన్నులు, కారణము లేని గాయములు, ఓడ కొయ్య మీద పండుకొన్నట్లు ఊగుట అన్నీ ఉన్నాయి. ముగింపు మాత్రము పశ్చాత్తాపము కాదు. దెబ్బలు తిన్నవాడు మేలుకొనిన వెంటనే మరల దానిని వెదుకుటకు సిద్ధపడుటతో ఆ భాగము ఆగిపోతుంది. మరల త్రాగుట అనే సంగతి గ్రంథకర్తకు తెలుసు. నీతివాక్యము చేర్చి దానిని కప్పివేయలేదు.

లూకా 11:24-26లోని ఉపమానము మన సంఘ జీవితమునే తాకుతుంది. అపవిత్రాత్మ వెళ్ళిపోయిన ఇల్లు ఊడ్చి అమర్చబడియున్నది. మత్తయి వ్రాసిన దానిలో (12:44) అది ఖాళీగా కూడ ఉన్నది. లోపము ఊడ్చుటలో లేదు, ఖాళీలో ఉన్నది. విడుదల కూటము ఇల్లు ఊడుస్తుంది. శనివారము సాయంకాలము కూలి డబ్బుతో నాచారం నుండి నాగోల్‌కు వచ్చే మనిషికి దారి పొడుగునా తెరిచియున్నవి ఏవి, మూసియున్నవి ఏవి అని లెక్క వేయండి. ఆదివారము మధ్యాహ్నము తాళము వేసిన మన మందిరము శుక్రవారపు ఉపవాస ప్రార్థన వరకు తెరువబడదు. ఆ మనిషికి ఖాళీగా ఉన్నది హృదయము మాత్రమే కాదు, ఆరు నుండి తొమ్మిది గంటల వరకు కాలము కూడ.

ప్రభువే ఒకసారి రెండు విడతలుగా స్వస్థపరచిన సంగతి మార్కు 8:22-25లో ఉన్నది. బేత్సయిదా గ్రుడ్డివాడు మొదట మనుష్యులను నడుస్తున్న చెట్లవలె చూచాడు. ఏమి కనబడుతున్నదని ప్రభువు అడిగినప్పుడు ఉన్నదున్నట్లు చెప్పాడు, స్పష్టముగా కనబడుతున్నదని విశ్వాసముతో ప్రకటింపలేదు. ఆ నిజమైన జవాబు వలననే రెండవసారి చేతులుంచబడినవని మేము చదువుతాము. మన కూటములో ఆ దశలో ఉన్నవానిని స్తోత్రము చెప్పించి కూర్చోబెట్టి ఉండేవారము.

శరీరపు సంగతి

మా విమర్శలో అతి గంభీరమైన భాగము ఇది. కరపత్రములలో విడుదలకు ముందు మూడు దినముల పోరాటము తరచుగా వర్ణింపబడుతుంది. చేతులు వణికాయి, గోడల మీద పురుగులు పాకాయి, లేనివారు కనబడి పిలిచారు, ఫిట్స్ వచ్చాయి, దయ్యము వదలుతూ పెనుగులాడినది. వైద్యులు ఇదే వర్ణనను వేరే పేరుతో ఎరుగుదురు. చాలాకాలము ఎక్కువగా త్రాగినవారు ఒక్కసారిగా మానితే మొదటి రెండు దినములలో మూర్ఛలు రావచ్చు. రెండవ, నాలుగవ దినముల నడుమ డెలీరియం ట్రెమెన్స్ అనే మతిభ్రమ స్థితి రావచ్చు. చికిత్స లేకుంటే ప్రాణము పోవచ్చు. ఆసుపత్రిలో దీనికి తగిన మందులున్నాయి, థయమిన్ అనే విటమిను ఇస్తారు. త్రాగుడు వలన ఈ విటమిను ముందే తగ్గిపోయిన శరీరమును మూడు దినములు నీళ్ళు కూడ లేకుండ ఉపవాస ప్రార్థనలో కూర్చోబెట్టుట విశ్వాసము కాదు, అపాయము.

దీనికి మన ప్రాంతములోనే రుజువులున్నాయి. కల్తీ కల్లులో డైజిపామ్, అల్ప్రజోలమ్ వంటి మత్తుమందులు కలుపుతారన్నది తెలిసినదే. 2015లో ప్రభుత్వము కల్తీని బిగించినప్పుడు నిజామాబాదు, మెదక్, మహబూబ్‌నగర్ ప్రాంతములలో కల్లు త్రాగేవారు మూర్ఛలతో, పిచ్చిచేష్టలతో ఆసుపత్రుల పాలయ్యారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వలన వైను షాపులు మూతపడి మే 6 వరకు తెరువలేదు. ఆ మొదటి దినములలో ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయమునకు ఇటువంటివారు ఒక్కసారిగా పెరిగారు. వీరిలో హిందువులు, ముస్లిములు, క్రైస్తవులు అందరు ఉన్నారు. దయ్యములన్నీ ఒకే వారములో వదలి వెళ్ళుటకు నిశ్చయించుకొన్నవని అనగలమా? సారా మానిన శరీరము వణికినది, అంతే.

మాత్రలు వేసుకొంటే అవిశ్వాసమనే బోధ మా చుట్టుప్రక్కల ఇంకా వినబడుతున్నది. హిజ్కియా కొరకు దేవుని మాట తెచ్చిన యెషయాయే అంజూరపు ముద్ద పుండుకు కట్టమన్నాడు (యెషయా 38:21). యాయీరు కుమార్తెను లేపిన ప్రభువు వెంటనే ఆమెకు తినుటకు ఏమైనా పెట్టమన్నాడు (మార్కు 5:43). అద్భుతము జరిగిన ఇంటిలో కూడ వంట పని ఆగలేదు. దీనికి వ్యతిరేకమైన తప్పు కూడ ఉన్నది. మాన్పించే మాత్రను భర్తకు తెలియకుండ కూరలో కలిపే ఇల్లాండ్రు ఉన్నారు. డైసల్ఫిరామ్ ఉన్న శరీరములో మద్యము పడితే ప్రాణాపాయము రావచ్చు గనుక తెలియకుండ ఇచ్చుట తగదని కాపరులు స్త్రీల సమాజములో సూటిగా చెప్పవలెను. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము మద్య, మత్తు పదార్థముల వలన కలిగే మానసిక స్థితులను కూడ తన పరిధిలోనికి తెచ్చినది, రోగిని గొలుసుతో బంధించుటను నిషేధించినది. ప్రార్థనా గృహములు నడిపేవారు ఈ చట్టమును ఒకసారి చదువుట మంచిది. నాగోల్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారితే ఎర్రగడ్డలో దిగవచ్చు. ఆ ప్రయాణములో ఒక సంఘ పెద్ద పక్కన కూర్చొనుట కూడ చేతులుంచి ప్రార్థించుట వంటిదే అని మేము తలుస్తాము.

పొరుగువారి నుండి

ఆల్కహాలిక్స్ అనానిమస్ వారి కూటములు మన నగరములోను జరుగుతాయి. వారి పండ్రెండు మెట్లలో దేవుడున్నాడు, కాని ఎవరు ఎట్లు గ్రహిస్తే అట్లాంటి దేవుడు. క్రీస్తు పేరు లేదు. కాపరులుగా మాకు ఇది చిన్న లోపము కాదు. సిలువ లేని కృప చివరకు ఎవరి కృప అనే ప్రశ్న మిగిలే ఉంటుంది. అయినను ఆక్స్‌ఫర్డ్ గ్రూపు అనే క్రైస్తవ ఉద్యమము నుండి వారు తీసుకొని నిలుపుకొన్నవి మన దగ్గర నిలువలేదని ఒప్పుకొనక తప్పదు. ఒకరితో ఒకరు పాపములు ఒప్పుకొనుట, నష్టపరచినవారి పట్టిక రాసి నష్టము తీర్చుట వారిలో నిలిచినవి. 2020లో కాక్రేన్ సంస్థ ప్రకటించిన సమీక్షలో 27 అధ్యయనములు, పదివేలకు పైగా మనుషుల సమాచారము పరిశీలించి, పూర్తిగా మాని నిలుచుట విషయములో ఈ మార్గము ఇతర చికిత్సా పద్ధతులకు తీసిపోదని, కొన్నిటికంటె మేలని తేల్చారు. ఒక రాత్రి కథ చెప్పుట వలన కాదు, వారము వారము వచ్చి కూర్చొనుట వలన.

నష్టము తీర్చుట అనే మాట వచ్చినది గనుక జక్కయ్యను చూడవలెను (లూకా 19:8). ఆయన సాక్ష్యములో గతము లేదు, లెక్క ఉన్నది. సగము బీదలకు, అన్యాయముగా తీసికొన్నదానికి నాలుగింతలు. మన సాక్ష్యములలో పుస్తెలు తాకట్టు పెట్టిన సంగతి వినబడుతుంది గాని విడిపించిన సంగతి వినబడదు. ఫైనాన్సు వాని బాకీ, చిట్టీ బాకీ, చెల్లెలి దగ్గర తెచ్చిన పదివేలు ఏమైనవి?

ఇంకొక పొరుగు ఉదాహరణ చెబితే కొందరు పాఠకులు నొచ్చుకొనవచ్చు, అయినను చెబుతాము. అయ్యప్ప మాల వేసుకొన్నవారు నలుబది యొక్క దినములు త్రాగుడు ముట్టరు. మా వీధిలో ఏటేటా చూస్తాము. ఆ దినములలో వారికి వస్త్రము వేరు, పిలుపు వేరు, పడక వేరు. యజమాని కూడ ‘స్వామీ’ అంటాడు. స్నేహితులు గ్లాసు చూపరు. వీధి అంతా కలిసి ఆ మనిషిని కాపాడుతుంది. మాల తీసిన తరువాత ఆ కాపుదల ఒక్క దినములో తొలగిపోతుంది, చాలామంది తిరిగి మొదలుపెడతారు. మన శ్రమల దినములలో మానినవారి సంగతీ ఈస్టరు మరునాడు ఇంతే గనుక మనము నవ్వనక్కరలేదు. మేము గమనించవలసినది ఇది: బాప్తిస్మములో క్రీస్తును ధరించుకొన్నామని చెబుతాము (గలతీ 3:27), కాని ఆ ధరించుట ఆయన పనిచేసే షెడ్డులో ఎవరికి కనబడుతుంది? ఆ ఒక్కనిని ఆదుకొనే వీధి మన దగ్గర ఏది?

భార్యల మౌనము

తెలుగు నేల మీద త్రాగుడును గురించి పుట్టిన గొప్ప సాక్ష్యము త్రాగినవారిది కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరదీపము తరగతులకు వచ్చిన స్త్రీలు సారా దుకాణము మూయించారు. ఆ ఉద్యమము రాష్ట్రమంతట పాకి 1993 అక్టోబరులో సారా నిషేధమునకు, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధమునకు దారితీసినది. 1997లో నిషేధమును సడలించారు. రాజకీయ ఫలితము నిలువలేదు గాని ఒక సంగతి నిలిచినది. మద్యము చేసిన హానిని దెబ్బలు తిన్నవారే చెప్పారు, లెక్కలతో చెప్పారు. మన వేదిక మీద మాత్రము భర్త చెబుతాడు, భార్య పక్కన నిలబడి తల ఊపుతుంది. ఆయన పుస్తెల కథ చెప్పి నవ్వించునప్పుడు ఆమె ముఖమును చూచినవారెవరు? 1951లో త్రాగేవారి కుటుంబముల కొరకు అల్-అనాన్ మొదలుపెట్టినది విల్సన్ భార్య లోయిస్, ఆమె స్నేహితురాలు. వారికి కూడ విడివిడిగా స్వస్థత కావలెనని వారు గ్రహించారు.

సాక్ష్యమే వద్దని మేము అనడము లేదు. మేము కూడ సాక్ష్యము విని ధైర్యము తెచ్చుకొన్నవారిని ఎరుగుదుము. మొదటి వారము నిరాశలో ఉన్నవానికి ‘నీవంటివాడు బ్రతికాడు’ అనే మాటకు సాటి మందు లేదు. మా సంఘములో ప్రస్తుతము ఒక పద్ధతి పాటిస్తున్నాము. వేదిక సాక్ష్యమునకు ఒక సంవత్సరము ఆగమంటాము. వీడియో తీయనివ్వము. శనివారము సాయంకాలము ఆరు గంటలకు మందిరపు పక్కగది తెరిచి ఉంచి టీ పెడతాము. అక్కడ చెప్పినది అక్కడే ఉంటుంది, పడినవాడు వచ్చి పడ్డానని చెప్పవచ్చును. భార్యలు వేరే గదిలో కూడుకొంటారు. ప్రభువు బల్లలో పులియని ద్రాక్షరసమునే వాడుతున్నాము. తెలుగు బైబిలులో కానా విందులో ద్రాక్షారసమైన ఓయ్నోస్ అనే గ్రీకు పదమే ఎఫెసీ 5:18లో మద్యమైనది గనుక మాటల వలన ఈ వివాదము తీరదు, చిన్న గ్లాసు వాసన చాలును మరల మొదలుకావడానికి అని మానినవారే మాతో అన్నారు.

ఒక సంవత్సరపు నియమమును పెద్దలలో కొందరు ఒప్పుకొనలేదు. గెరాసేనుల దేశస్థునితో ప్రభువు వెంటనే వెళ్ళి చెప్పుమన్నాడు గదా, మనము ఆత్మను ఆర్పుతున్నాము గదా అన్నారు. బలమైన అభ్యంతరమే. మా జవాబు, ప్రభువు ఆయనను తన ఇంటికి, తనవారి యొద్దకు పంపాడని (మార్కు 5:19), కుష్ఠరోగితో అయితే ఎవరితోను చెప్పవద్దని యాజకునికి కనబరచుకొమ్మని అన్నాడని (మార్కు 1:44). ఎవరికి ఏది అనునది కాపరి ఆ మనిషిని ఎరిగి తేల్చవలసినది. ఆ జవాబుతో వారు తృప్తిపడలేదు, చర్చ సాగుతున్నది. ఈ సంవత్సరము ఇద్దరు సహోదరులు ఆగి ఉన్నారు. ఒకరు నడుమ వినాయక చవితి నిమజ్జనము నాడు త్రాగారు. తరువాతి శనివారము ఆరు గంటలకు ఎప్పటివలె వచ్చి కుర్చీలు వేశారు.